నలభై దాటని బండి

ఆర్ట్స్ కాలేజీ ముందు బ్రేకు తొక్కితే కీచుమంది. "బండి ముసల్దైంది గదనే" అంది అమ్మ. ముసలితనం కాదు. ప్యాడ్ అరిగితే డిస్కుకి తగిలి అరవడానికే చాలావాటికి చిన్న రేకు బిగిస్తారు.

ఆదివారం తార్నాకలో, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో జాకీ ఎత్తి, స్టాండ్లు పెట్టి, ముందు చక్రాలు విప్పాను. నాన్న వేయించిన ఆఖరి ప్యాడ్లు. 3 మిల్లీమీటర్లు కూడా మిగల్లేదు.

షాపులో మూడు రకాలు చూపించారు. సెమీ మెటాలిక్ వేడికి తట్టుకుంటుంది గానీ డిస్కుని కాస్త తింటుంది. సెరామిక్ చప్పుడు చెయ్యదు, ధరెక్కువ. పేరులేని డబ్బా అన్నిటికన్నా చవక. నాన్న ఎప్పుడూ అదే కొనేవాడు, మా ఫీజులు కట్టాలి కదా. నేను కంపెనీ ఒరిజినల్ తీసుకున్నా.

పిస్టన్లని క్లాంపుతో వెనక్కి నెట్టి కొత్తవి కూర్చోబెట్టాను. స్టార్ట్ చేసి బ్రేకు తొక్కితే పెడల్ నేలకంటింది. గుండె ఆగినంత పనైంది. కదిలించకముందే పదిసార్లు పంపు చెయ్యాలని చదివీ మర్చిపోయాను. చేశాక గట్టిపడింది.

కొత్త ప్యాడ్లు డిస్కుకి అలవాటయ్యేదాకా మెల్లగా నడపాలి. సోమవారం క్యాంపస్ దారిలో స్పీడోమీటర్ చూస్తే నలభై. నాన్న ఎన్నడూ దాటనిదీ అదే. పిరికితనం అనుకునేదాన్ని. కొన్న ప్యాడ్లకి తగ్గట్టు నడిపాడన్నమాట, వెనక సీట్లో మేముండగా.