చెక్‌పోస్టు నుంచి చెక్‌పోస్టు దాకా

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర బండి ఆగితే ఎర్రలైటు పడ్డట్టు. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర ఆగితే అడవి మొదలైనట్టు! ఈ రెంటికీ మధ్య దూరం నూటయాభై కిలోమీటర్లు అటూ ఇటూ. తెల్లారకముందే ఫిలింనగర్‌లో బయల్దేరిన కుటుంబం మధ్యాహ్నానికల్లా నల్లమలలో జలపాతం ముందు నిలబడొచ్చు. కానీ రాత్రి అక్కడే ఉండాలంటే మాత్రం కొన్ని షరతులకు ఒప్పుకోవాలి.

ఫిలింనగర్‌కు జలపాతాలు కొత్తేమీ కాదు. వాన కావాలంటే ట్యాంకరు వస్తుంది, జలపాతం కావాలంటే మోటారు తిరుగుతుంది. థర్మోకోల్ బండల మీంచి నీళ్లు దూకుతాయి. డైరెక్టరు 'కట్' అనగానే ఆగిపోతాయి. నిజమైన బండలు మాత్రం ఆ పక్కనే ఉన్నాయి. జూబ్లీహిల్స్‌లో ఇళ్ల మధ్య, రోడ్ల వంపుల్లో ఇంకా మిగిలిన గ్రానైటు గుట్టల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. వాటి నీడలోనే ఓ చిన్న అడవి బతుకుతోంది. అదే కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ వనం. ఊరందరికీ కేబీఆర్ పార్కు.

నిజాం మనవడు ముకర్రం జాకు చెందిన చిరాన్ ప్యాలెస్ ఉన్న ఆవరణ ఇది. 1998లో జాతీయ వనమైంది. విస్తీర్ణం నాలుగొందల ఎకరాలకు కాస్త తక్కువ. పొద్దున్నే నడకకొచ్చే వాళ్లలో తెరమీద కనిపించే ముఖాలూ ఉంటాయి, పదవీ విరమణ చేసిన మాస్టార్లూ ఉంటారు. అందరికీ నెమళ్ల అరుపు ఉచితం. ముళ్లపందులూ పునుగు పిల్లులూ కూడా ఉన్నాయి కానీ, అవి నడకకొచ్చే వేళకు వీళ్లు నిద్రలో ఉంటారు. పార్కు చుట్టూ వంతెనలు కట్టడానికి చెట్లు కొట్టాల్సి వస్తుందని తెలిసినప్పుడు, 2016లో నడకకొచ్చేవాళ్లే రోడ్డెక్కి నిరసన తెలిపారు. రోజూ చూసే చెట్టు కాబట్టి ఆ బాధ తెలిసింది.

ఇక్కడ అడవి ఉంది, జలపాతం లేదు. గుడారం వేసుకోవడానికి అనుమతీ లేదు. ఆ రెండూ వెతుక్కుంటూ వెళ్లేవాళ్లకు దగ్గరి దారి శ్రీశైలం రోడ్డు.

అడవి గుమ్మంలో...

తుక్కుగూడ దాటాక ఊరు పలచబడుతుంది. కడ్తాల్, ఆమనగల్లు, కల్వకుర్తి, ఆ తర్వాత డిండి. హాజీపూర్ దాటాక కొండలు ఎదురొస్తాయి. మన్ననూరు దగ్గర అటవీ శాఖ గేటు. అక్కణ్నుంచి అమ్రాబాద్ పులుల అభయారణ్యం. ఒకప్పుడు ఇది దేశంలోనే అతి పెద్దదైన నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో భాగం. 2014లో రాష్ట్ర విభజన జరిగాక తెలంగాణ వైపున్న అడవి అమ్రాబాద్ పేరుతో వేరైంది. కోర్, బఫర్ ప్రాంతాలు కలిపి 2,600 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. అంటే, కేబీఆర్ లాంటి పార్కులు పదహారు వందలకు పైగా పట్టేంత!

మొదటి షరతు గేటు దగ్గరే. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరింటి దాకా అడవి రోడ్డు మీదికి బండ్లను వదలరు. ఆలస్యంగా వచ్చిన వాళ్లు తెల్లారేదాకా ఆగాల్సిందే. ఎంత పెద్ద కారైనా, ఎంత పెద్ద పేరైనా! రాత్రిళ్లు ఆ రోడ్డు దాటే హక్కు చుక్కల దుప్పులకీ, ఎలుగుబంట్లకీ, వాటి వెనకాల వచ్చే పెద్దపులికీ ఉంటుంది.

రెండో షరతు గుడారానిది. చక్కగా కనిపించిందని ఏ వాగు ఒడ్డునో టెంటు వేసేస్తామంటే కుదరదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం అనుమతి లేనిదే లోపల అడుగుపెట్టడమే తప్పు. రాత్రి బస అటవీ శాఖ చూపించిన చోటే. మన్ననూరులో ఆ ఏర్పాట్లున్నాయి. 2021లో మొదలైన ప్యాకేజీలో బస, అడవిలో నడక, సఫారీ కలిపి ఇస్తున్నారు. మట్టి గోడల కుటీరాల్లో పడుకుంటే పట్నం పిల్లలు మొదట అడిగే ప్రశ్న ఒకటే... "ఇంత చీకటేంటి?" కాసేపటికి ఆకాశంలో చుక్కలు కనిపిస్తాయి. ఇక ఆ ప్రశ్న రాదు.

పొద్దున్నే సఫారీ జీపు ఫరహాబాద్ వైపు తిరుగుతుంది. నిజాం కాలంలో ఇది వేట విడిది. వేటగాళ్లు దిగిన చోట ఇప్పుడు కెమెరాలు దిగుతున్నాయి. కొండ అంచున నిలబడితే కింద చెరువులూ పొలాలూ బొమ్మల కొలువులా కనిపిస్తాయి. పులి కనిపించాలని రాసిపెట్టి ఉండాలి. కనిపించకపోయినా, దుమ్ములో దాని అడుగుజాడ చూపించి గైడు గొంతు తగ్గించేసరికి ఒళ్లు జలదరిస్తుంది.

మూడొందల యాభై మెట్లు

శ్రీశైలం రోడ్డు మీదే ఇంకాస్త ముందుకెళ్తే వటవర్లపల్లి. అక్కణ్నుంచి ఎడమా కుడీ చూసుకోకుండా, ఊళ్లో అడిగి మళ్లడం మంచిది. ఎనిమిది కిలోమీటర్లు లోపలికి వెళ్తే మల్లెల తీర్థం. బండి దిగాక దాదాపు 350 మెట్లు కిందికి. దిగేటప్పుడు నీళ్లు కనిపించవు, చప్పుడే వినిపిస్తుంది. మెట్లు తరిగే కొద్దీ చప్పుడు పెరుగుతుంది. చివరి మలుపులో ఒక్కసారిగా చల్లగాలి మొహానికి తగులుతుంది. ఆ వెంటనే నల్లటి రాతి మీంచి తెల్లగా జారే నీళ్లు! ఆ వాగు వెళ్లి కలిసేది కృష్ణమ్మలో.

జూబ్లీహిల్స్ గుట్టల్లో లేని జలపాతం ఇక్కడెందుకుంది? గ్రానైటు ఒకే ముద్ద. వానా ఎండా కలిసి దాన్ని గుండుగా నునుపు చేస్తాయి. ఈ నల్లమల ప్రాంతపు రాయి అలా కాదు. ఎప్పుడో నీటి అడుగున ఇసుకా బురదా పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడింది. మెత్తటి పొర అరిగిపోతే గట్టి పొర అంచులా మిగులుతుంది. వాగు ఆ అంచు మీంచి దూకుతుంది.

ఇక్కడే మూడో షరతు. నీళ్లలో తడిసిన రాయి పాకుడుతో జారుతుంది. మడుగు పైకి కనిపించినంత లోతే ఉంటుందని అనుకోకూడదు. ఫొటో కోసం పైకెక్కడం, మందు తాగి దిగడం... జలపాతాల దగ్గర జరిగే చాలా విషాదాలకు ఇవే మొదలు. పైన కొండల్లో వాన పడితే కింద ఎండగా ఉన్నా నీళ్లు ఒక్కసారిగా పెరగొచ్చు. నీటి రంగు మారి బురదగా వస్తోందంటే వెంటనే ఒడ్డెక్కేయాలి.

తాడు పట్టేది బావమరిది

ఈ అడవికి అసలు యజమానులు చెంచులు. వాళ్ల ఊళ్లను పెంటలంటారు. అప్పాపూర్, ఫరహాబాద్, మల్లాపూర్... అలాంటివే. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవ శాస్త్రవేత్త హైమెండార్ఫ్ వీళ్ల మధ్య గడిపి 1943లో పెద్ద పుస్తకమే ప్రచురించాడు. కొండ కొమ్ము నుంచి తాడు మీద వేలాడుతూ తేనె తీయడం చెంచుల విద్య. పైన తాడు పట్టుకునేది భార్య తమ్ముడో అన్నో అయి ఉండాలంటారు. అక్కాచెల్లెళ్ల పసుపుకుంకుమల బాధ్యత అతనికన్నా ఎవరికుంటుంది! సఫారీలో గైడుగా పక్కన కూర్చునేది, మంటలు లేస్తే ఆర్పడానికి ముందు పరుగెత్తేది కూడా ఎక్కువగా చెంచు యువకులే.

ఆ మంటలు చాలాసార్లు మనం పెట్టినవే. ఫిబ్రవరి నుంచి మే దాకా అడవి నేలంతా ఎండుటాకు. ఆరని సిగరెట్టు ముక్క ఒక్కటి చాలు. రోడ్డు పక్క కోతులకు విసిరే అరటిపండూ పుణ్యం కాదు. దానికోసం అవి రోడ్డు మీదికొచ్చి చక్రాల కింద పడుతున్నాయి. ప్లాస్టిక్ సంచీ మిగిల్చి వెళ్తే, ఉప్పు రుచికి దుప్పి దాన్ని నమిలేస్తుంది.

నల్లమల పేరు ఫిలింనగర్‌లో గట్టిగా వినిపించింది 2019లో. అమ్రాబాద్‌లో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణకు, నాలుగు వేల బోర్ల ప్రతిపాదనకు కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకున్న సంవత్సరమది. పెంటల్లో చెంచులు, అమ్రాబాద్ మండల ప్రజలు అప్పటికే ఆందోళనలో ఉన్నారు. దర్శకుడు శేఖర్ కమ్ముల, విజయ్ దేవరకొండ, సమంత లాంటి వాళ్లు సామాజిక మాధ్యమాల్లో గొంతు కలిపారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దంటూ తీర్మానం చేసింది. అడవిలో మొదలైన మాట పట్నం దాకా చేరడానికి తారల గొంతు సాయపడింది. మాట మొదలుపెట్టింది మాత్రం కృష్ణమ్మ ఒడ్డున, ఆ అడవి నీళ్లే తాగి బతికేవాళ్లు.

తిరుగు ప్రయాణంలో మెట్లు రెట్టింపయినట్టుంటాయి. మోకాళ్లు పట్టుకుని ఆగే నానమ్మ కోసం పిల్లలు ఆగుతారు. ఆగినప్పుడు వెనక నీళ్ల చప్పుడు ఇంకా వినిపిస్తూనే ఉంటుంది. ఇక్కడ 'కట్' చెప్పేవాళ్లు లేరు. ఆ నీళ్లు ఆగిపోతే మళ్లీ మోటారు వేసి తెప్పించగలిగేవాళ్లూ లేరు.

సాయంత్రానికి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు. హారన్ల మోత. ఎర్రలైటు దగ్గర అద్దం దించితే, అదృష్టం బాగుంటే, కేబీఆర్ పార్కు వైపు నుంచి ఒక నెమలి అరుపు. పొద్దున వెళ్లేటప్పుడు కూడా అది అరిచే ఉంటుంది. అప్పుడెవరూ వినలేదంతే!

ఎలా వెళ్లాలి?

- హైదరాబాద్ నుంచి మల్లెల తీర్థం దాదాపు 180 కిలోమీటర్లు. శ్రీశైలం వెళ్లే ఆర్టీసీ బస్సులు మన్ననూరు, వటవర్లపల్లి మీదుగానే వెళ్తాయి. లోపలికి సొంత బండి ఉంటే నయం.
- అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. ఎండాకాలంలో ధార సన్నబడుతుంది.
- జంతువులు జతకట్టే కాలమని జులై నుంచి సెప్టెంబరు దాకా సఫారీ ఆపేస్తారు. బయల్దేరే ముందు అటవీ శాఖ వారిని అడిగి, బస ముందే ఖాయం చేసుకోవాలి.
- టార్చిలైటు, జారని చెప్పులు, స్టీలు సీసాలో నీళ్లు, చెత్త వెనక్కి తెచ్చుకోవడానికి ఒక గుడ్డసంచీ... ఇవి మర్చిపోవద్దు.