అడవికి మప్పిన రుచి

మా కొండరెడ్ల ఊళ్లలో ఉట్టి లేని ఇల్లు నా చిన్నప్పుడు చూడలేదు. దూలానికి అడ్డతీగ నారతో అల్లిన ఉట్టి వేలాడేది. అందులో అంబలి కుండ, మామిడి టెంకల పిండి, ఎండిన ఇప్పపూవు మూట, పండుగకు దాచిన బెల్లం ఉండేవి. ఎలుక ఎక్కకుండా, పిల్లి దూకకుండా మా అమ్మ ఎత్తు చూసి కట్టేది. పనిమీద అడవిలో రాత్రి ఉండాల్సి వస్తే మా తాత అక్కడా ఒక కొమ్మకు ఉట్టి కట్టేవాడు. పడుకునే చోట తిండి పెట్టుకోకూడదని మాకెవరూ పాఠంగా చెప్పలేదు. పెద్దవాళ్లను చూసి నేర్చుకున్నాం.

ఇప్పుడు ఉట్టి గురించి రాయడానికి కారణం ఉంది. చలికాలం వస్తే మారేడుమిల్లి వైపు జీపులు బారులు తీరుతున్నాయి. గుడిస గడ్డికొండల మీద మంచు చూడాలని, గుడారం వేసుకుని అడవిలో ఒక రాత్రి గడపాలని ఎక్కడెక్కడి నుంచో జనం వస్తున్నారు. వాళ్ల వల్ల మా కుర్రాళ్లకు డ్రైవర్ పని దొరికింది. బొంగు చికెన్ అమ్మేవాళ్లకు నాలుగు డబ్బులు వస్తున్నాయి. దాన్ని నేను కాదనను. నా బెంగ వాళ్లతో వచ్చే తిండి గురించి, ఆ తిండి అడవికి మప్పుతున్న అలవాటు గురించి.

రెండేళ్ల కిందట సంక్రాంతి సెలవుల్లో నాతో టీటీసీ చదివిన ఇద్దరు మిత్రులు వచ్చారు. ఒకరిది కాకినాడ, ఇంకొకరిది ఆత్రేయపురం దగ్గర పల్లె. ఇద్దరూ కింద మైదానంలో ఉపాధ్యాయులే. కొండమీద ఒక రాత్రి ఉందామని చాలా ఏళ్లుగా అడుగుతున్నారు. జీపు మా మేనల్లుడిది. తారు రోడ్డు వదిలాక దారంటూ లేదు. వాగులో దిగి, రాళ్ల మీదుగా ఎక్కాలి. నాలుగు చక్రాలూ లాగే గేరు వేసినా రెండు చోట్ల మేం దిగి రాళ్లు సర్దాల్సి వచ్చింది. పైన ఒక చిన్న ఊరుంది. ఆ ఊరి పెద్దను అడిగి, ఊరు దాటి కొంత దూరంలో వాగు ఒడ్డున ఆగాం.

సామాను దించకముందే కోతులు వచ్చాయి. మనిషిని చూసి చెట్టెక్కే కోతులు కావవి, జీపు చప్పుడు విని చెట్టు దిగే కోతులు. కాకినాడ మిత్రుడు చిప్స్ పొట్లం చేతిలోకి తీశాడో లేదో, ఆ కవరు గలగలకు నాలుగు వైపుల నుంచీ తలలు తిరిగాయి. అతను బెదిరి పొట్లం వదిలేశాడు. పిల్లను పొట్టకు కరుచుకున్న ఒక ఆడకోతి దాన్ని అందుకుని, పైన అతుకు ఉన్న చోట పంటితో పట్టి ఒక్క లాగు లాగింది. మన పిల్లలు చింపినట్టే చక్కగా చింపింది. మిగిలినవి అరటిపళ్ల మీద, రొట్టె మీద పడ్డాయి. దవడల పక్కన ఉండే సంచుల నిండా కుక్కుకుని, చేతికి దొరికినంత పట్టుకుని చెట్లెక్కాయి. మిత్రులిద్దరూ నవ్వుతూ ఫోనుల్లో బొమ్మలు తీశారు. నేను మాత్రం ఆ పిల్లకోతినే చూస్తున్నాను. అది తల్లి మొహం చూడటం లేదు, పొట్లం చింపే చేతుల్నే చూస్తోంది. బడిలో ఇరవై ఏళ్లుగా పిల్లల్ని చూస్తున్నవాణ్ని. నేర్చుకునేవాళ్ల చూపు ఎలా ఉంటుందో నాకు తెలుసు.

"మూడేళ్ల కిందట ఇయ్యి ఇలా వచ్చేవి కావు మావా. వచ్చినోళ్లు సరదాకి యిసిరేరు. ఇప్పుడు యిసరకపోతే లాక్కుంటన్నాయి" అన్నాడు మేనల్లుడు.

సాయంత్రం వంట చేసుకుని తిన్నాం. గడ్డి ఎండి ఉన్న కాలం కాబట్టి వాగు ఇసుకలోనే నెగడు వేశాం. మిగిలిన బియ్యం, గుడ్లు, నూనె, మసాలా పట్టించిన కోడిమాంసం అన్నీ మూటకట్టి, గుడారానికి దూరంగా రెండు చెట్ల మధ్య తాడు లాగి ఉట్టి కట్టాను. ఆత్రేయపురం మిత్రుడికి అది భలేగా తోచింది. "మీ అమ్మగారి వంటిల్లు అడవికి తెచ్చేశావురా" అన్నాడు.

నడిరాత్రి దాటాక మేనల్లుడు నా భుజం తట్టి లేపాడు. జీపు దగ్గర ఉఫ్ ఉఫ్‌మని ఊదుతున్న చప్పుడు, ఆ వెంటనే పీలుస్తున్న చప్పుడు. అది గుడ్డెలుగని ఇద్దరికీ అర్థమైంది. ఎలుగుకు పైదవడ ముందు పళ్లు రెండు ఉండవు. ఆ సందులోంచి పుట్టలోని చెదపురుగుల్ని ఊది, పీల్చి తింటుంది. ఆ చప్పుడు చాలా దూరం వినపడుతుంది. దానికి చూపు అంతంతమాత్రం, ముక్కు మాత్రం చాలా గట్టిది. ఎలుగు మనిషిని తినడానికి రాదు. దగ్గరగా ఎదురుపడి ఉలిక్కిపడితే మీద పడుతుంది, పడితే మొహాన్నీ తలనూ చీరుతుంది. మా ఊళ్లలో అలా చూపు పోయినవాళ్లను నేను ఎరుగుదును.

మిత్రుల్ని మెల్లగా లేపాం. "ఎవరూ పరిగెత్తొద్దు, లైటు దాని మొహాన కొట్టొద్దు" అన్నాడు మేనల్లుడు. నలుగురం ఒక్కచోట చేరి, నెగడులో కట్టెలు ఎగదోసి, కంచాలూ మూతలూ కొడుతూ గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టాం. అది పోవడానికి వాగు వైపు దారి ఖాళీగా వదిలాం. కాసేపటికి ఆ చప్పుడు దూరమైంది. తెల్లారేదాకా ఎవరికీ నిద్ర లేదు.

తెల్లవారి చూస్తే ఉట్టి కట్టింది కట్టినట్టే ఉంది. జీపు పట్టా మాత్రం గోళ్లతో చీరి ఉంది. సీటు కింద పూతరేకుల డబ్బా లేదు. మా అమ్మకు ఇవ్వాలని తెచ్చి, నాకు కూడా చెప్పకుండా అక్కడ దాచాడట మిత్రుడు. నెయ్యి, బెల్లం వాసన దాచితే దాగేదా? వాగు ఒడ్డున పొదలో డబ్బా దొరికింది. కడిగిపెట్టినట్టు నాకేసి ఉంది.

"పోతే పోయిందిలేరా, మళ్లీ తెస్తాను" అన్నాడు మిత్రుడు. పట్టా చిరిగిన మేనల్లుడు దాని మాటే ఎత్తలేదు. ఆ డబ్బా చేత్తో పట్టుకుని నా వైపు చూశాడు.

"ఇది మళ్లీ వత్తాది మావా. మీరు ఇయ్యాళ ఎల్లిపోతారు. ఈ ఊరోళ్లు ఎక్కడికి ఎల్తారు?"

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. అప్పుడు కొండచీపురు కోసే కాలం. ఆ ఊరి ఆడవాళ్లు పొద్దున్నే ఆ వాగు దాటే వెళ్తారు. రెండు నెలలు పోతే ఇప్పపూవు రాలుతుంది. చీకటి విడవకముందే బుట్టలు పట్టుకుని పిల్లలతో సహా ఇప్పచెట్ల కిందికి పోతారు. ఆ పూవు కోసం ఎలుగూ ఆ వేళకే వస్తుంది. ఇన్ని తరాలుగా ఇద్దరూ ఒకరికొకరు జాగ్రత్తపడుతూ ఏరుకున్నారు. జీపు చప్పుడు, మనిషి వాసన అంటే తీపి అని ఒక ఎలుగు నేర్చుకుంటే ఆ జాగ్రత్త తెగిపోతుంది. దాని ఫలితం డబ్బా తెచ్చినవాళ్ల మీద పడదు, బుట్ట పట్టుకుని వెళ్లిన తల్లి మీద పడుతుంది.

ఆ పొద్దున్న మేం చూడాలనుకున్న జలపాతం మానుకున్నాం. ఊళ్లోకి వెళ్లి జరిగింది చెప్పాం. ఊరి పెద్ద కొన్నాళ్లు ఆ వాగు వైపు ఒంటరిగా వెళ్లవద్దని ఇంటింటికీ చెప్పించాడు. నలుగురం ఆ చోటికి తిరిగి వెళ్లి ఎముక ముక్క, గుడ్డుపెంకు, నూనె పడిన ఇసుకతో సహా ఎత్తి గోనెలో వేసుకున్నాం. ముందు వచ్చినవాళ్లు వదిలిన సీసాలు, పొట్లాలు మా చెత్తకంటే ఎక్కువ ఉన్నాయి. అవీ ఎత్తాం. ఆ తర్వాత కూడా ఎలుగు నాలుగు రాత్రులు అక్కడికి వచ్చి నేల వాసన చూసి పోయిందని, ఏమీ దొరక్క మానేసిందని ఊరి పెద్ద కబురు చెప్పాడు.

అడవి జంతువు మన తిండి మీదికి రావడం కొత్తదేమీ కాదు. పోడులో జొన్న, సామ పండితే పిట్టలు, కోతులు, పందులు వచ్చేవి. చిన్నప్పుడు నేను మంచె ఎక్కి వడిసెల తిప్పినవాణ్నే, రాత్రిపూట డబ్బా వాయించినవాణ్నే. పంట పోతే ఇల్లు ఎలా గడుస్తుందో తెలిసినవాణ్ని కాబట్టి జంతువులు ఏం తిన్నా ఊరుకోవాలని నేను చెప్పను. కానీ ఆ రాకకు ఒక కాలం ఉండేది. చలికాలం రేగుపండు, ఎండలు ముదిరితే ఇప్పపూవు, తర్వాత తునికి, మామిడి, తొలకరికి నేరేడు. జంతువు ఆ లెక్క ప్రకారం కొండ ఎక్కేది, దిగేది. మేమూ అదే లెక్కలో బతికాం. మామిడి కొత్త పండుగ చేసి దేవతకు పెట్టేదాకా కాయ ముట్టేవాళ్లం కాదు. పొట్లంలో తిండికి అలాంటి కాలం లేదు. అది ప్రతి శనివారం, ఆదివారం వస్తుంది. ఉప్పు, నూనె, తీపి ఏడాది పొడుగునా ఒక్కచోటే దొరుకుతుంటే కోతి అడవంతా తిరిగి వెతుక్కోవడం ఎందుకు? కోతి తిరిగితేనే అది మింగి విసర్జించిన పండ్ల గింజలు నాలుగు చోట్ల పడి మొలుస్తాయి. కొండముచ్చు సంగతి ఇంకా కష్టం. ఆకు అరగడానికి ఏర్పడ్డ పొట్ట దానిది. బిస్కెట్టు, చిప్స్ దానికి పడే తిండి కాదు.

దీని పర్యవసానం నేను మా బడిలోనే చూశాను. జీపులు తగ్గే వానాకాలంలో ఆ రుచి మరిగిన కోతులు ఊళ్ల మీద పడ్డాయి. మధ్యాహ్న భోజనం వేళకు సరిగ్గా వచ్చి గోడమీద కూర్చునేవి. ఒకరోజు రెండో తరగతి పాప చేతిలోని చిక్కీ లాక్కుంటూ ఒక కోతి ముంజేతి మీద గీరింది, పన్ను కూడా దిగింది. గాయాన్ని పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, పాపనూ వాళ్ల నాన్ననూ బండి మీద ఎక్కించుకుని ఆసుపత్రికి వెళ్లాను. కోతి కాటుకూ కుక్క కాటుకు వేసినట్టే రేబిస్ టీకా వేయించాలి. పసుపు పెట్టి ఊరుకోకూడదు, మంత్రం వేయించి ఊరుకోకూడదు. ఈ మాట ప్రతి ఉపాధ్యాయుడూ పిల్లల ఇళ్లకు వెళ్లి చెప్పాలి. అన్ని సూదులూ పూర్తయ్యేదాకా ఆ పాపను నేనే తీసుకెళ్లాను. ఆ తర్వాత కూడా చాలా రోజులు ఆ పాప చిక్కీ చేతిలో పెడితే తీసుకోలేదు.

బడిలో మేం చేసినవి చిన్న పనులే. వంటగది కిటికీకి ఇనుప వల బిగించాం. వరండాలో వరుసగా కూర్చుని తినడం, పెద్ద పిల్లలు వంతులవారీగా కాపలా కాయడం మొదలుపెట్టాం. ఎంగిలి గుంటలో వేసి వెంటనే మట్టి కప్పుతున్నాం. రాళ్లతో కొట్టడం మాన్పించాం, ఎందుకంటే బెదిరిన కోతి చిన్నపిల్లల మీదే పడుతుంది. కొన్ని వారాలకు రాక తగ్గింది, పూర్తిగా ఆగలేదు.

కొండమీద మాత్రం బడి చేయగలిగింది తక్కువ, ఊరు చేయగలిగింది ఎక్కువ. 2006 అటవీ హక్కుల చట్టం 5వ సెక్షన్ అడవిని, వన్యప్రాణుల్ని, జీవవైవిధ్యాన్ని కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. చట్టమంటే పట్టా కాగితమే అనుకుంటాం కానీ ఈ మాట కూడా అందులోనే ఉంది. ఆ కొండ ఊరి సభలో మా మేనల్లుడు, మరికొందరు డ్రైవర్లు కూర్చుని మూడు మాటలు అనుకున్నారు. పైకి వెళ్లే ప్రతి జీపులో ఒక ఖాళీ గోనె ఉండాలి, అది నిండి దిగాలి. కోతికి చేత్తో తిండి పెట్టినవాళ్లను మళ్లీ ఎక్కించుకోకూడదు. రాత్రి ఉండేవాళ్ల తిండి ఉట్టిలోనే ఉండాలి, ఆ ఉట్టి కట్టే పని డ్రైవరుదే. అందరూ పాటిస్తున్నారని చెప్పలేను. డబ్బున్నవాడు కసురుకుంటే కుర్రవాడు ఊరుకుంటున్నాడు. అయినా ఊరు అనుకున్న మాట తన వెనక ఉందన్న ధైర్యంతో ఇద్దరు ముగ్గురు గట్టిగా చెబుతున్నారు. యువకులారా, మీరు ఆ ఇద్దరు ముగ్గురిలో ఉండండి.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. ఈ ఏడాది మా నాలుగు, ఐదు తరగతుల చేత అడవి తిండి పట్టిక గీయించాను. పన్నెండు నెలలకు పన్నెండు గడులు. ఏ నెలలో ఏది పూస్తుంది, ఏది పండుతుంది, దాన్ని ఏ జంతువు తింటుంది, మనం ఏం తింటాం అని ఇంట్లో అవ్వాతాతల్ని అడిగి రాసుకు రమ్మన్నాను. పుస్తకంలో లేని పేర్లు ఎన్నో వచ్చాయి. నాకు తెలియని దుంపలే నాలుగు వచ్చాయి. మీ బడిలో కోయలోనో, గోండిలోనో, సవరలోనో ఆ పేర్లు రాయించండి. పట్టిక గోడకు అంటించే రోజు ఒక పిల్లవాడు చాక్‌పీసు పట్టుకుని కోతి వరుస దగ్గర ఆగిపోయాడు.

"మాస్టారూ, చిప్స్ ఏ నెలలో రాయాలి?" అన్నాడు.

తరగతిలో ఎవరూ నవ్వలేదు. అలాంటి గడి ఆ పట్టికలో లేదని, ఉండకుండా చూసుకోవలసింది మనమేనని చెప్పాను.