చిట్టాలో కనబడని పేరు

వ్యాపారస్తుల ఇంటి చరిత్ర ఎక్కడుంటుందని అడిగితే ఎవరైనా చిట్టా, ఆవర్జా పుస్తకాల్లోనే అంటారు. నిజమే! కానీ ఆ వ్యాపారాన్ని నిలబెట్టిన ఆడవాళ్ళ మాట అందులో ఎక్కడైనా ఉంటుందా? మీరే చెప్పండి.

నా పుట్టిల్లు ఎమ్మిగనూరు, మెట్టినిల్లు ఆదోని. మధ్య దూరం సుమారు 30 కిలోమీటర్లు. పుట్టింటిది బట్టల వ్యాపారం, అత్తగారింటిది పత్తి మండీ.

ఎమ్మిగనూరంటే మగ్గాలే కదా! మా తాత నేతగాళ్ళకు నూలిచ్చి, మజూరి కట్టి, బట్ట తీసుకుని అమ్మేవారట. 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘం పెట్టాక నేతగాళ్ళకు షావుకారు గడప తొక్కే అవసరం తగ్గింది. ఆ సేవకే సోమప్పగారికి 1954లో పద్మశ్రీ వచ్చింది. ఊరికి మంచే జరిగింది. మా తాతకు మాత్రం నూలు బేరం తగ్గింది. చిన్న బట్టల అంగడి పెట్టుకుని నిలదొక్కుకునే దాకా, మా అవ్వ రెండు బర్రెలను పెట్టుకుని పాలమ్మి ఇల్లు నడిపిందని మా నాయన చెప్పేవారు. అంగడి లెక్కల్లో ఆ పాల డబ్బు ఎక్కడా లేదు.

ఇక ఆదోని. పత్తి, వేరుశెనగ బేరాలకు పేరున్న ఊరు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా బళ్ళారి జిల్లాలో ఉండేది. అందుకే మా ఇంట్లో ఇప్పటికీ తెలుగులో కన్నడం కలుస్తుంది. భక్ష్యాలను మేం ఓళిగలంటాం!

మండీ అంటే, రైతు సరుకు దింపుతాడు. వ్యాపారి తూకం వేయించి, అమ్మించి, తన కమీషన్ పట్టుకుని మిగతాది రైతు చేతిలో పెడతాడు. కొన్నవాళ్ళు ఆలస్యం చేసినా రైతును తిప్పుకోకూడదు. మాట పోతే మండీ పోయినట్టే! దూరపు పల్లెల నుంచి వచ్చిన రైతులకు భోజనం ఇంట్లోనే. పత్తి వచ్చే రోజుల్లో మా అత్తమ్మ తెల్లవారకముందే లేచి జొన్నరొట్టెలు తట్టేదట. పొద్దున ఉగ్గాణి, మధ్యాహ్నం రొట్టె, పప్పు, శెనక్కాయల పొడి. "కడుపు నిండినోడు మళ్ళీ మన మండీకే వస్తాడమ్మా" అంటుంది ఆమె.

ఒక ఏడాది పెద్ద మొత్తంలో సరుకు కొన్న బేరగాడు డబ్బు ఎగ్గొట్టాడు. రైతులు వాకిట్లో కూర్చున్నారు. అత్తమ్మ మాట్లాడకుండా తన కాసులపేరు, గాజులు తీసి మామయ్య చేతికిచ్చింది. సాయంత్రానికల్లా రైతులందరికీ లెక్క తీరింది. ఆనాటి చిట్టాలో మామయ్య రాసుకున్నది రెండే మాటలు: "ఇంటి జమ." ఎవరి నగలో, ఎవరిచ్చారో లేదు!

మామయ్య పోయాక పంపకాలకు పెద్దలు కూర్చున్నారు. "అమ్మకేముంది లే, తిండికీ మందులకూ లోటు రానివ్వం" అన్నారు. అప్పుడు మా ఆడబిడ్డ ఆ పాత చిట్టా తెచ్చి అందరి ముందూ తెరిచింది. అత్తమ్మ మాత్రం, "నా నగలు నాకు వద్దు. నా పేరు రాయండి, చాలు" అంది. ఎవరూ నోరెత్తలేదు. వాటాల కాగితంలో కొడుకులతో, కూతురితో పాటు ఆమె పేరూ చేరింది.

ఇది దయతో ఇచ్చింది కాదండీ. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకుండా భర్త పోతే ఆయన స్వంత ఆస్తిలో భార్యకు పిల్లలతో సమానంగా వాటా ఉంది. స్త్రీధనం ఆమె సొంతమని సుప్రీంకోర్టు 1985లో స్పష్టంగా చెప్పింది. చదువుకున్న మనమే ఇవి తెలుసుకోకపోతే ఎలా?

మీ ఇంట్లో అత్తగారో, అవ్వో ఉంటే ఈసారి శెనక్కాయలు ఒలుచుకుంటూనైనా పక్కన కూర్చుని అడగండి. ఏ కష్టానికి ఏ నగ పోయింది, ఎంతమందికి వండి పెట్టారు, ఏ చీటీ డబ్బు ఏ అప్పుకు కట్టారు, అన్నీ ఒక నోటు పుస్తకంలో తేదీలతో, పేర్లతో రాసి పెట్టండి. పోపుల డబ్బాలో దాచిన చిల్లరతో సహా! ఇంటి పెద్ద పద్దు అదే కదా. ఏమంటారు?