ఎడమకాలి పాఠం

‘ఆడలేక మద్దెల ఓడన్నట్లు’ అనే సామెత తెలుగునాట వినని వారుండరు. తన చేతకానితనాన్ని పనిముట్టు మీదికి నెట్టివేసే మనిషిని ఎగతాళి చేయడానికి పెద్దలు దానిని వాడతారు. ఆ సామెతలో సత్యమున్నది. కాని సంపూర్ణ సత్యం లేదు. మద్దెల నిజంగానే ఓడైన సందర్భాలు కూడా లోకంలో ఉంటాయి. అప్పుడు ఎంత సాధన చేసినా అడుగు కుదరదు. లోపం ఆటలో ఉన్నదా, మద్దెలలో ఉన్నదా అని పక్షపాతం లేకుండా తేల్చుకోగలగడమే వివేకం. ఆ వివేకం ఎంత కష్టసాధ్యమైనదో పటాన్‌చెరు పారిశ్రామిక వాడలోని ఒక యువ కార్మికుడికి అతని ఎడమకాలే నేర్పింది.

హైదరాబాదు నుండి ముంబయి వైపు సాగే జాతీయ రహదారి మీద రామచంద్రాపురం, పటాన్‌చెరు, ఇస్నాపూర్ దాటి సంగారెడ్డి చేరేవరకు కర్మాగారాల వరుస కనిపిస్తుంది. ఒకప్పుడు ఇవన్నీ మెదక్ జిల్లా గ్రామాలు. 1960ల దశకంలో రామచంద్రాపురంలో భెల్ కర్మాగారం వెలసింది. 1972లో పటాన్‌చెరులో మెట్టపంటల పరిశోధనకై ఇక్రిశాట్ సంస్థ ఏర్పడింది. ఆపై పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామిక వాడలుగా రూపుదిద్దుకున్నాయి. 2016 అక్టోబరులో ఈ ప్రాంతం కొత్తగా ఏర్పడిన సంగారెడ్డి జిల్లాలో చేరింది. జొన్న చేలున్న చోట పొగగొట్టాలు లేచాయి. నాగలి పట్టిన వారి బిడ్డలు లేత్ యంత్రాల ముందు నిలబడ్డారు.

ఆ యువకుడు అటువంటివాడే. ఐ.టి.ఐ.లో టర్నర్ చదువు ముగించి పాశమైలారంలోని ఒక చిన్న వర్క్‌షాపులో పనికి కుదిరాడు. అతని తండ్రి మంజీరా తీరాన ఉన్న పల్లె నుండి వచ్చి, గోదాములో బస్తాలు మోస్తూ కుటుంబాన్ని పోషించినవాడు. పగలు బస్తాలు మోసిన ఆ చేతులే పండుగ రాత్రి డప్పు పట్టేవి. డప్పు వాయించేవారు కుడిచేత లావుపాటి సిర్రను, ఎడమచేత సన్నని సిటికెన పుల్లను పట్టుకుంటారు. సిర్ర గంభీరంగా మాట్లాడుతుంది. సిటికెన పుల్ల దానికి చురుకుగా బదులు చెబుతుంది. ఆ రెండింటి సంభాషణలోనే తీన్‌మార్ దరువు పుడుతుంది. కొడుకు నడక నేర్చిన నాటి నుండి ఆ దరువు వింటూ పెరిగాడు.

డప్పు కొట్టేవారి పట్ల లోకం చూపే చులకనను తండ్రి ఎరుగును. అందుచేతనే కొడుకు చేతికి సిర్ర ఇవ్వలేదు, పుస్తకం ఇచ్చాడు. కాని నెత్తురులోని లయ ఊరకుండదు గదా! కొడుకు తోటి కార్మికులు ముగ్గురితో కలిసి ఒక వాద్యబృందాన్ని ఏర్పరచుకొని, అందులో డ్రమ్స్ వాయించసాగాడు. పెండ్లి ఊరేగింపులు, గణేశ నవరాత్రులు, కళాశాల వార్షికోత్సవాలు వారి వేదికలు. తండ్రి రెండు పుల్లలతో పలికించిన దరువును తన రెండు పాదాలతో పలికించాలన్నది అతని కోరిక. ఆ కోరికే అతనిని జంట పెడల్ వద్దకు నడిపించింది.

డ్రమ్స్‌లో నేలపై నిలబెట్టి ఉండే పెద్ద వాద్యాన్ని బాస్ డ్రమ్ అంటారు. దానిని పాదంతో మోగిస్తారు. పెడల్‌ను తొక్కితే గొలుసు లాగుతుంది, ఇరుసు తిరుగుతుంది, ఇరుసుకు బిగించిన బీటర్ తోలును తాకుతుంది, స్ప్రింగు దానిని మరల వెనుకకు లాగుతుంది. ఈ పరికరం రాకముందు వాద్యకారుడు బాస్ డ్రమ్మును కూడా చేతి పుల్లలతోనే మోగించవలసి వచ్చేది. వేగంగా తొక్కగల పెడల్‌ను విలియమ్ లుడ్విగ్ అనే వాద్యకారుడు రూపొందించగా, 1909లో అతడూ అతని సోదరుడూ కలిసి చికాగోలో దానిని తయారు చేసి అమ్మడం మొదలుపెట్టారు. అటుపై లూయీ బెల్సన్ అనే జాజ్ వాద్యకారుడు రెండు బాస్ డ్రమ్ములను ముందుంచుకొని రెండు కాళ్ళతో వాయించి పేరు గడించాడు. అయితే రెండు పెద్ద డ్రమ్ములను మోసుకొని తిరగడం అందరికీ సాధ్యం కాదు. ఒకే డ్రమ్మును రెండు బీటర్లతో కొట్టే జంట పెడల్ ఆ ఇబ్బందిని తీర్చింది. 1980ల దశకం నుండి అది లోకమంతటా ప్రచారం పొందింది.

జంట పెడల్‌లో కుడి పెడల్ డ్రమ్మునే అంటిపెట్టుకొని ఉంటుంది. ఎడమ పెడల్ దూరంగా ఉంటుంది. ఎడమకాలి బలం ఒక పొడవైన కడ్డీ గుండా ప్రయాణించి రెండో బీటర్‌ను కదిలించాలి. ఆ కడ్డీ రెండు కొసలా యూనివర్సల్ జాయింట్లు ఉంటాయి. లారీ ఇంజను నుండి వెనుక చక్రాలకు శక్తిని మోసే షాఫ్టులోనూ ఇటువంటి జాయింట్లే ఉంటాయి. కుడికాలికి దగ్గరి దారి. ఎడమకాలికి దూరపు దారి. చిక్కంతా అక్కడే ఉన్నది.

అతడు మూడేండ్ల క్రితం ఒక పాత జంట పెడల్‌ను చవకగా కొన్నాడు. నిమిషానికి 120 తాళాల వేగంతో, ఒక్కొక్క తాళానికి నాలుగు దెబ్బల చొప్పున వాయిస్తే, సెకనుకు ఎనిమిది దెబ్బలు పడాలి. అంటే ఒక్కొక్క పాదానికి నాలుగు. ఆ వేగంలో రవ్వంత ఆలస్యమైనా చెవికి ఎక్కిళ్ళవలె వినిపిస్తుంది. అతని ఎడమకాలి దెబ్బ ప్రతిసారీ ఆలస్యంగానే పడుతున్నది. ఒక పెండ్లిలో దరువు తడబడింది. ఊరేగింపులో అడుగులు వేస్తున్నవారు ఆగి వెనుకకు చూశారు. ఆ చూపు అతని గుండెలో ముల్లై నాటుకున్నది.

“పెడల్ పాతదైంది, కొత్తది కొనరాదే!” అన్నారు మిత్రులు. ఆరు నెలల ఓవర్‌టైము డబ్బు అతని చేతిలో ఉన్నది. కాని ఆ డబ్బుకు ఇంటిలో వేరొక పని ఎదురుచూస్తున్నది. పైకప్పు రేకులు పగిలాయి. వానలు పడేలోగా వాటిని మార్చాలని తల్లి వేసవి మొదటి నుండి చెబుతూనే ఉన్నది. అతడు కోరుకున్న ఖరీదైన పెడల్ కొంటే రేకులు రావు. రేకులు కొంటే పెడల్ రాదు. తల్లి మాత్రం, “నీ కష్టం బిడ్డా, నీ ఇష్టం” అన్నది. కాదంటే వాదించవచ్చును. ఔనన్న తల్లితో ఎవరు వాదించగలరు?

ఆ రాత్రి రెండో షిఫ్టులో లేత్ మీద పని చేస్తుండగా అతనికొక ఆలోచన తట్టింది. యంత్రంపై చేసిన వస్తువు కొలతకు రాకపోతే మేస్త్రీ వెంటనే యంత్రం మార్చమనడు. పనిముట్టు అరిగిందా, బిగింపు వదులైందా, పనివాని చేయి తప్పిందా అని ఒక్కొక్కటిగా పరీక్షిస్తాడు. ఒకేసారి రెండింటిని మార్చితే తప్పు దేనిదో ఎన్నటికీ తెలియదు. కర్మాగారంలో ఉక్కుకు వర్తించే న్యాయం తన పాదానికి మాత్రం ఎందుకు వర్తించదు?

మరునాడు అతడు మొబైల్ ఫోనులో తాళం పెట్టుకొని పరీక్షకు కూర్చున్నాడు. మొదట పీటను ఎడమకు జరుపుకొని, ఎడమ పెడల్‌ను కుడికాలితో తొక్కాడు. ఆ తరువాత కుడి పెడల్‌ను ఎడమకాలితో తొక్కాడు. తప్పు పెడల్‌దైతే ఏ కాలితో తొక్కినా ఎడమ పెడల్ వద్దనే ఆలస్యం కనబడాలి. తప్పు కాలిదైతే ఏ పెడల్ మీదనైనా ఎడమకాలే వెనుకబడాలి. ఫలితం అతడు కోరినట్లు రాలేదు. కుడికాలితో తొక్కినా ఎడమ పెడల్ కొంత ఆలస్యం చేసింది. నిర్దోషమైన కుడి పెడల్ మీద ఎడమకాలు అంతకన్నా ఎక్కువ ఆలస్యం చేసింది. మద్దెలా ఓడే, ఆటా ఓడే. కాని ఆటలోని ఓటే పెద్దది.

ఈ సత్యాన్ని అంగీకరించడం అతనికి సులభం కాలేదు. పెడల్‌ను నిందించినన్నాళ్ళు మనసు తేలికగా ఉన్నది. ఇప్పుడు నిందించవలసినది తన కాలినే. అయినా ముందు చేతనైన పనికి పూనుకున్నాడు. కడ్డీని ఒక కొసన పట్టుకొని తిప్పగా, బీటర్ కదలకముందే అది కొద్దిగా తిరిగింది. వర్క్‌షాపు భాషలో దానిని ‘ప్లే’ అంటారు. వదులైన బోల్టులను బిగించాడు. ఎండిపోయిన బేరింగులకు నూనె పెట్టాడు. ఎడమ పెడల్ ఇంతకాలం బాగా పక్కకు వంకరగా ఉన్నట్లు గమనించాడు. యూనివర్సల్ జాయింటు ఎంత ఎక్కువ కోణంలో వంగితే చలనం అంత అసమంగా ప్రసరిస్తుంది. కడ్డీ వీలైనంత తిన్నగా ఉండేటట్లు పెడల్‌ను జరిపాడు. ఆ మరమ్మతుతో ఎక్కిళ్ళలో కొంత పాలు తగ్గింది. ఖర్చయింది నూనె ధర మాత్రమే.

మిగిలిన పాలు కాలిది. ఆ సంగతి తండ్రికి చెప్పవలసి వచ్చింది. తండ్రి చాలాసేపు విని, గోడకు వేలాడుతున్న డప్పును దించాడు.

“నీ ఎడమ కాలు నౌకరి చేస్తున్నది కొడుకా. కుడి కాలు పిలిస్తే వస్తున్నది. సిటికెన పుల్ల అట్ల రాదు. అది కూడ మాట్లాడాలె,” అన్నాడు.

“ఎట్ల నాయినా?”

“ఎడమతోని మొదలు పెట్టు. మెల్లగ. ఇసుగు పుట్టేదాక మెల్లగ.”

అంతవరకు కొడుకుకు దరువు నేర్పని తండ్రి ఆనాడు మొదటిసారి గురువైనాడు. కొడుకు ప్రతి దరువును ఎడమకాలితో మొదలుపెట్టి, నిమిషానికి 60 తాళాల వేగంతో సాధన చేశాడు. పది దినాలు తప్పు లేకుండా వస్తేనే వేగాన్ని కొద్దిగా పెంచాడు. షిఫ్టు నుండి అర్ధరాత్రి తిరిగి వచ్చిన వేళ డ్రమ్ము మోగిస్తే వాడకు నిద్ర ఉండదు. కనుక పాత టైరు ముక్కను ఎదుట పెట్టి దాని మీద బీటర్లు ఆడించాడు. తండ్రి చీకటిలో మంచం మీద పడుకొని, ఎడమ దెబ్బ తప్పినప్పుడల్లా ఒకసారి దగ్గేవాడు. ఇంట్లో అంతకు మించిన పరీక్షాధికారి లేడు.

రెండు నెలలు గడిచాయి. తిరిగి అదే పరీక్ష జరిగింది. ఈసారి కుడి పెడల్ మీద రెండు కాళ్ళూ సమంగా పలికాయి. ఎడమ పెడల్ మీద మాత్రం రెండు కాళ్ళూ ఒకే మేరకు ఆలస్యమయ్యాయి. జాయింట్లలోని అరుగుదలను బోల్టు బిగించి పోగొట్టడం సాధ్యం కాదు. ఇప్పుడు మద్దెలను ఓడనే హక్కు అతనికి లభించింది.

సికింద్రాబాదులోని వాద్యపరికరాల దుకాణంలో అతడు అడిగిన ప్రశ్నలు రెండు నెలల క్రితం అడగదలచినవి కావు. అప్పుడైతే అన్నిటికన్నా ఖరీదైనది చూపించమని ఉండేవాడు. గొలుసుకు బదులు గట్టి లోహపు పట్టీతో పాదాన్ని బీటర్‌కు కలిపే డైరెక్ట్ డ్రైవ్ పెడల్ ఒకటి అక్కడ మెరుస్తున్నది. పాదం కదలికకు అది సూటిగా బదులిస్తుంది. గొలుసు పెడల్ స్పర్శ కొంత మెత్తగా ఉంటుంది. ఒకటి గొప్పది, వేరొకటి తక్కువది అనడానికి వీలు లేదు. అది పాదం అలవాటును బట్టి ఉంటుంది. అతని పాదం గొలుసుకు అలవాటు పడినది.

అతడు ప్రతి పెడల్‌ను ముందు తొక్కలేదు. చేతితో పట్టి చూశాడు. కడ్డీలో ప్లే ఉన్నదా అని తిప్పి చూశాడు. కింద గట్టి పళ్ళెం ఉన్నదా, స్ప్రింగు బిగువును రెండు వైపులా వేరువేరుగా సవరించవచ్చునా, అరిగిన భాగాలు విడిగా దొరుకుతాయా అని అడిగాడు. తరువాత కూర్చొని, మొదట నిదానంగా, ఎడమకాలితో తొక్కాడు. వేగం లోపాలను దాచగలదు, నిదానం దాచలేదు. చివరకు మధ్యరకం ధర గల గొలుసు పెడల్‌ను ఎన్నుకున్నాడు. మిగిలిన డబ్బుతో తిరిగి వచ్చేటప్పుడు ఇస్నాపూర్‌లో రేకుల దుకాణం ముందు దిగాడు. అన్ని రేకులకు చాలలేదు. వంటింటి మీదికి మాత్రం వచ్చాయి. ముందుగది రేకులు మరుసటి ఏటికి వాయిదా పడ్డాయి.

ఆషాఢంలో బోనాల పండుగ వచ్చింది. డీసీఎం వాహనం మీద డ్రమ్స్ అమర్చారు. తల మీద బోనాలతో స్త్రీలు నడుస్తున్నారు. ముందు పోతరాజు ఆడుతున్నాడు. తీన్‌మార్ అందుకున్నది. కొడుకు రెండు పాదాల దెబ్బలు ఒకే మనిషి రెండు చేతులవలె కలిసి పలికాయి. వాడకట్టు వారి నడుమ నడుస్తున్న తండ్రి డప్పును నెగడు మీద కాచుకొని వచ్చి వాహనం పక్కన నిలబడ్డాడు. సిర్ర లేచింది. కొంతసేపు డప్పు అడిగింది, పాదాలు బదులు చెప్పాయి. మరికొంతసేపు పాదాలు అడిగాయి, డప్పు బదులు చెప్పింది. ఈసారి ఎవరూ ఆగి వెనుకకు చూడలేదు.

ఇల్లు చేరిన తరువాత తండ్రి ఒకే మాట అన్నాడు: “మద్దెల మంచిదే దొరికింది.”

కాలు మంచిదని అతడు అనలేదు. కాని డప్పును తిరిగి గోడకు తగిలించలేదు. కొడుకు డ్రమ్ముల పక్కన పెట్టాడు. బయట తొలకరి మొదలైంది. ముందుగదిలో రెండు చోట్ల గిన్నెలు పెట్టవలసి వచ్చింది. వంటింట్లో మాత్రం చుక్క కారలేదు.