చర్మం చెప్పిన సాక్ష్యం

మా అమ్మీకి చెల్లెలైన ఖాలాజాన్ పండుగనాడు షీర్‌ఖుర్మా వండితే ఆ పరిమళం వీధి చివరివరకు వచ్చేది. అయినను ఆమె చేతి గిన్నె అందుకొనడానికి కొందరు బంధువులు వెనుదీసేవారు. ఆమె మోచేతులమీద ఎర్రని మచ్చలు, వాటిపై తెల్లని పొలుసులు ఉండేవి. అంటుకొనే జబ్బని పెద్దలు గుసగుసలాడేవారు. పదేళ్ల వయస్సులో నేనూ ఒకసారి చేయి వెనక్కు తీసుకొన్నాను. ఖాలాజాన్ ఏమీ అనలేదు. గిన్నె కింద పెట్టి, కొంగు మోచేతుల మీదికి లాక్కొన్నారు. ఆ మౌనం నన్ను ఎన్నో ఏళ్లు వెంటాడింది.

నేను సాహిత్యం చదువుకొన్నవాడను. జీవశాస్త్రం నా విషయం కాదు. ఆ వ్యాధి సోరియాసిస్ అని తెలిసిన తరువాత, జంతుశాస్త్ర ఉపన్యాసకులైన ఒక మిత్రునివద్ద పాఠం చెప్పించుకొన్నాను.

చర్మకణాలు అడుగుపొరలో పుట్టి, క్రమంగా పైకి జరిగి, చివరకు రాలిపోతాయి. ఆరోగ్యకరమైన చర్మంలో ఈ ప్రయాణానికి సుమారు ఒక నెల పడుతుంది. కణం ఏ మజిలీలో ఉన్నదో దాని ప్రొటీన్లే చెబుతాయి. అడుగుపొరలో కెరటిన్ 5, 14 ఉంటాయి. పై పొరలలో కెరటిన్ 1, 10 కనిపిస్తాయి. 1975లో కోలర్, మిల్‌స్టైన్ వెల్లడించిన పద్ధతిలో తయారయ్యే యాంటీబాడీలు ఒక్కొక్క ప్రొటీనును ప్రత్యేకంగా పట్టుకొంటాయి. వాటికి రంగు జోడిస్తే ఈ గుర్తులు సూక్ష్మదర్శినిలో కంటికి కనబడతాయి.

సోరియాసిస్ మచ్చలో నెలనాళ్ల ప్రయాణం వారం లోపలే ముగుస్తుంది. కణవిభజనకు గుర్తైన కి-67 గల కణాలు పెరుగుతాయి. ఆరోగ్యచర్మ కణాలపై అరుదుగా ఉండే ఐకామ్-1 వెలసి, తెల్లరక్తకణాలను పట్టి నిలుపుతుంది. కెరటిన్ 6, 16 విరివిగా పుడతాయి. మోచేతివంటి చోట్ల ఈ రెండు కెరటిన్లు సాధారణంగా గాయం మానేటప్పుడు కనిపించేవి. అనగా ఆ చర్మం లేని గాయాన్ని మాన్చుకొనడానికి రేయింబవళ్లు శ్రమిస్తున్నదన్నమాట! దీనికి మూలం మురికి కాదు. దారితప్పిన రోగనిరోధక శక్తి, దానికి తోడు వంశపారంపర్యం. తాకినంత మాత్రాన, కలిసి భుజించినంత మాత్రాన ఇది ఎవరికీ సోకదు.

ఆ తరువాతి పండుగకు ఖాలాజాన్ ఇంటికి వెళ్లి, గిన్నెను రెండు చేతులా అందుకొన్నాను. పాత సంగతి చెప్పి క్షమించమన్నాను. “చల్లారిపోతుంది, తిను బేటా” అన్నారు. ఆమె మరచిపోలేదని ఆ కళ్లు చెప్పాయి.

విద్యార్థులారా! మీ తరగతిలోనో, హాస్టలులోనో ఇట్టి మచ్చలు గలవారుంటే దూరం జరుగకండి. కణాల సాక్ష్యం చదవడానికి సూక్ష్మదర్శిని కావాలి. తోటిమనిషి పక్కన కూర్చొని అన్నం తినడానికి అక్కరలేదు.