ఎడమకి లాగే బండి

“డాక్టర్ గారూ, కారు ఎడమకి లాగుతోందండీ” అంటే నాకు “మోకాలు నొప్పండీ” అన్నట్టే వినపడుతుంది. రెండూ బాధలే, రోగాలు కావు. ఎముకల డాక్టరుగా వారమంతా మనుషుల కాళ్లు చూస్తాను. ఆదివారం మా అపార్ట్‌మెంటు పిల్లలు రిమోట్ కార్లు పట్టుకొస్తారు. ఫీజు లేదు కదా, ఓపీ బాగానే నడుస్తుంది.

ఎవరొచ్చినా ముందు అడిగేది ఒకటే: ఎప్పుడు? యాక్సిలరేటర్ వదిలేసి దొర్లుతున్నప్పుడు కూడా పక్కకి పోతుందా, గట్టిగా నొక్కితేనే పోతుందా, మలుపు తిరిగాక పోతుందా? సగం రోగం ఇక్కడే తెలిసిపోతుంది.

ఏడో తరగతి కుర్రాడొకడు తెచ్చిన కారు తిన్నగానే పోతోంది గానీ కుడి మలుపు సరిగ్గా తిరగట్లేదు. రిమోట్ చూస్తే స్టీరింగ్ ట్రిమ్, అంటే చక్రాల మధ్య స్థానాన్ని సర్దే మీట, కుడివైపు చివరికంటా తిప్పి ఉంది. నొప్పి మాత్ర మింగి పరీక్షకొచ్చిన రోగిలాంటి బండి అది. ట్రిమ్ సున్నాకి తేగానే ముందు చక్రాలు రెండూ ఎడమకి చూశాయి. చక్రాలు తిప్పే చిన్న మోటారు సర్వో. దాని ఇరుసుకి 25 పళ్లున్నాయి, అంటే పన్నుకి 14.4 డిగ్రీలు. ఆ ఇరుసు మీద బిగించే చెయ్యి, హార్న్, ఒక్క పన్ను తప్పి కూర్చుంది. విప్పి, కరెంటు ఇచ్చి, సర్వో మధ్యకొచ్చాక నిటారుగా బిగించాం. మిగిలిన కాస్త తేడా రాడ్ల పొడవుతో సరిపోయింది.

ఇంకో కారు యాక్సిలరేటర్ గట్టిగా నొక్కితేనే పక్కకి కొడుతోంది. ముందు చక్రాల వాలు కొలతలు, టో, క్యాంబర్, రెండు పక్కలా ఒక్కలాగే ఉన్నాయి. వంటింటి గ్రానైటు బండ మీద పెట్టి, ఛాసిస్ ముందు భాగానికి సరిగ్గా మధ్యలో స్క్రూడ్రైవర్ మొన ఆనించి మెల్లగా లేపాను. రెండు చక్రాలూ ఒకేసారి లేవాలి. ఎడమది ముందే లేచింది. తప్పు ముందు చక్రానిది కాదు, వెనక ఎడమ షాక్ స్ప్రింగు కాలర్ ఎక్కువ బిగించారు.

మనుషుల్లోనూ నొప్పి ఒకచోట, తప్పు ఇంకోచోట ఉంటుంది. పిల్లలు మోకాలు నొప్పి అంటే తుంటి కూడా చూడమని మాకు చదువుకునే రోజుల్లోనే నూరిపోస్తారు. అయినా ఆరేళ్ల పిల్లాణ్ణి ఒకణ్ణి తీసుకొచ్చినప్పుడు వాళ్ల చేతిలో ఉన్నవన్నీ మోకాలి ఎక్స్‌రేలే, అన్నీ శుభ్రంగా ఉన్నవే. బల్ల మీద పడుకోబెట్టి తుంటిని లోపలివైపు తిప్పబోతే ముఖం చిట్లించి నా చెయ్యి పట్టేసుకున్నాడు. పెర్తెస్ జబ్బు. తొడ ఎముక తలకి రక్తం సరిగా అందక అది మెత్తబడుతుంది. తుంటికి వెళ్లే నరాల కొమ్మలు మోకాలికీ వెళ్తాయి కాబట్టి పిల్లాడు మోకాలే చూపిస్తాడు. వాడు అబద్ధం చెప్పలేదు. అడగాల్సినవాళ్లు కాస్త పైకి చూడలేదు, అంతే.

బండ్లలో విసిగించేది మూడో రకం. ఎడమకి తిప్పి వదిలితే ఎడమకే కొంచెం మిగిలిపోతుంది, కుడికి తిప్పితే కుడికి. దీన్ని ట్రిమ్‌తో సరిచేయాలని చూసినవాడికి పిచ్చెక్కాల్సిందే. సర్వోకి దెబ్బ తగలకుండా కాసే సర్వో సేవర్ స్ప్రింగు నీరసపడి ఉండొచ్చు, లేదా ఎక్కడో పట్టేస్తూ ఉండొచ్చు. సర్వో లింకు ఊడదీసి స్టీరింగ్‌ని వేలితో కదిపితే, వదులుగా ఆడాల్సింది బరువుగా కదిలింది. ఇంట్లో తివాచీ మీద నడిపిన బండి అది. స్టీరింగ్ కీలుకి జానెడు తలవెంట్రుక, తివాచీ పోగులు చుట్టుకుని ఉన్నాయి. ట్వీజర్స్‌తో లాగేశాను.

“కొత్త సర్వో ఆర్డర్ పెట్టేశానండీ” అన్నారు ఆ బండి తెచ్చిన పిల్లాడి నాన్న.

“ఉంచండి, ఈసారి గోడకి గుద్దినప్పుడు పనికొస్తుంది” అన్నాను.