ఆపేదెవరక్కా?

జూలై 8, సోమవారం

త్రీటీత్రీ ఎలుక కణాల్ని రాత్రే పస్తు ఉంచాను. పది శాతం ఉండే సీరమ్‌ని అర శాతానికి దించితే విభజన మానేసి ప్లేటుకి అతుక్కుని పడుంటాయి. పొద్దున ఒక్కో ప్లేటులో పీడీజీఎఫ్ అనే వృద్ధి కారకం వేసి టైమర్ నొక్కడం, మోగగానే మీడియం తీసేసి ఐసు మీద పెట్టడం. పావుగంట, అరగంట, గంట, రెండు గంటలు. ఒకటి కడుగుతుండగానే ఇంకోటి మోగుతుంది. టీ లేదు, ఏమీ లేదు.

జూలై 9

గ్రాఫు ముచ్చటగా వచ్చింది. సీ-ఫాస్ జన్యువు ఆర్ఎన్ఏ మొదట లేనట్టే ఉంది, అరగంటకి కొండెక్కింది, రెండు గంటలకి మళ్ళీ నేల మీదే. 1984లో గ్రీన్‌బర్గ్, జిఫ్ కూడా త్రీటీత్రీ కణాల్లోనే చూశారు: నిమిషాల్లో ట్రాన్స్‌క్రిప్షన్ మొదలు, అరగంటకల్లా బంద్.

కొత్తగా చేరిన అమ్మాయి, అంత తొందరగా ఎలా అని అడిగింది. పనివాళ్ళంతా ముందే సిద్ధంగా ఉంటారు కాబట్టి, అన్నాను. పీడీజీఎఫ్ కణం పైనున్న రిసెప్టర్లని జతకడుతుంది, అవి ఒకదానికొకటి ఫాస్ఫేట్ తగిలించుకుంటాయి. అక్కణ్ణుంచి సంకేతం వరసగా రాస్, రాఫ్, మెక్, ఎర్క్ ప్రోటీన్లకి అందుతుంది. ఎర్క్ న్యూక్లియస్‌లోకి పోయి ఎల్క్-1కి ఫాస్ఫేట్ పెడుతుంది. ఆ ఎల్క్, ఫాస్ జన్యువుకి ఎగువన సుమారు 300 అక్షరాల దూరంలో ఎస్ఆర్ఎఫ్ అనే ప్రోటీన్ పక్కనే కూర్చుని ఉంటుంది. కొత్త ప్రోటీన్ ఒక్కటీ తయారవక్కర్లేదు. సైక్లోహెక్సిమైడ్‌తో ప్రోటీన్ తయారీ ఆపేసినా ఫాస్ ఆగదు సరికదా, ఇంకా పెరుగుతుంది.

"మరి ఆపేదెవరక్కా?" అంది. అసలు ప్రశ్న అదే! ఫాస్ ప్రోటీనే తిరిగొచ్చి తన జన్యువుని అణచడానికి సాయపడుతుంది. పైగా ఆ ఆర్ఎన్ఏ తోకలో ఏ, యూ అక్షరాలు దండిగా ఉన్న ముక్క ఉంది, దానివల్ల నిమిషాల్లోనే తునకలవుతుంది. ఆ ముక్క కోసేసి వైరస్ ప్రమోటర్ తగిలిస్తే, మామూలు సీ-ఫాసే డిష్‌లో కణాల్ని క్యాన్సర్ దారి పట్టిస్తుంది.

జూలై 12, శుక్రవారం

పీసీ12 కణాల సంగతి చదువుతూ కూర్చున్నా. ఈజీఎఫ్ అనే వృద్ధి కారకం ఇస్తే విభజన, ఎన్‌జీఎఫ్ అనే ఇంకోటి ఇస్తే నాడీకణంలా పోగులు చాచడం. రెండూ ఎర్క్ గుండానే! తేడా ఎంతసేపన్నదే: ఈజీఎఫ్‌తో ఎర్క్ కాసేపే, ఎన్‌జీఎఫ్‌తో గంటలకొద్దీ. ఫాస్ ప్రోటీన్ తయారయ్యేసరికి ఎర్క్ ఇంకా నడుస్తుంటే దానికి ఫాస్ఫేట్ తగిలి నిలుస్తుంది, లేకపోతే విరిగిపోతుంది. పాఠ్యపుస్తకాల్లో బాణాలే గీస్తారు, నిమిషాలు రాయరెందుకో.

సోమవారం ఇవే ప్లేట్లకి వెస్టర్న్ బ్లాట్ చెయ్యాలి. ఫాస్ యాంటీబాడీ అడుగంటింది, ఇండెంట్ ఇప్పుడే పెట్టెయ్యాలి.